మందలించిండు

ఏ కోర్టులో జరిగిందో చెప్పను. పదిహేనేళ్లుగా జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల కోర్టుల్లో టైపిస్టుగా తిరుగుతున్నాను. అందులో ఏదో ఒక ఊరు అనుకోండి. ఊరి పేరు చెబితే తప్పంతా ఆ ఊరి మీదకు పోతుంది, నా వాటా కనిపించదు. నేను ఇది రాస్తున్నది నా వాటా చెప్పుకోవడానికే.

మా పని ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. బోనులో నిలబడ్డ మనిషి తెలుగులో చెబుతుంది. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి నాకు చెబుతారు. నేను టైపు కొడతాను. చివరికి ఆ కాగితం తీసి ఆమె ముందు పెడితే, తనకు రాని భాషలో ఉన్న తన మాటల కింద ఆమె సంతకం పెట్టి పోతుంది. 'ఇండ్ల ఏం రాసిన్రు మేడం?' అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ తగల్లేదు. అడిగితే విసుక్కునేదాన్నేమో కూడా.

మాది తరిగొప్పుల దగ్గర పల్లె. నర్మెట్ట మీదుగా బస్సులో జనగామ వచ్చి టైపు నేర్చుకున్నాను. డిగ్రీలో ఒక లెక్చరర్ ఉండేవాడు. నేను 'ఎట్ల సార్?' అంటే చాలు, పాఠం ఆపేసి 'ఎట్లనో సెప్త బిడ్డా' అని సాగదీసి క్లాసంతటినీ నవ్వించేవాడు. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు రౌడీ, లేకపోతే తాగుబోతు. ఆ మంట నాలో ఇంకా ఆరలేదు. అందుకే కోర్టులో మా మాటను ఎవరైనా తప్పుగా పట్టుకుంటే నాకు ఊపిరాడదు. ఒకసారి ఒక దొంగతనం కేసులో సాక్షి 'పొద్దుమూకినంక' అంటే దాన్ని పొద్దున్నే అని రాయించబోయారు. నేను లేచి, 'సార్, అది సాయంత్రం' అన్నాను. ఆ తర్వాత అనుమానం వచ్చినప్పుడల్లా జడ్జిగారు నావైపు చూసేవారు. దాంతో నాకు కాస్త కొమ్ములు వచ్చిన మాట నిజం.

ఆ జడ్జిగారు కోస్తాలో కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. చెడ్డవాడు కాదు. ఆడవాళ్లు సాక్ష్యం చెప్పడానికి వస్తే కుర్చీ వేయించేవాడు, మంచినీళ్లు ఇప్పించేవాడు. ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు. చెడ్డవాళ్ల వల్లే చెడు జరిగేదయితే ఈ పని ఇంత భారంగా ఉండేది కాదు.

ఆమె వయసు ముప్పై లోపే. పత్తి ఏరే పనికి పోయేది. భర్త లారీ డ్రైవర్. ఏడేళ్ల కూతుర్ని తీసుకుని తల్లిగారింటికి వచ్చేసి, గృహహింస కేసు వేసింది. తీర్పు వచ్చేదాకా ఉండేలా కోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది: భర్త ఆమెను హింసించరాదు, బెదిరించరాదు. అది టైపు కొట్టింది నేనే. కొట్టింది అనడం కూడా ఎక్కువే. అంతకుముందు ఇంకెవరికో ఇచ్చిన ఉత్తర్వును తెరిచి పేర్లు మార్చాను. ఆ పని అందరం అలాగే చేస్తాం. అలా చేయకపోతే రోజుకు అన్ని కాగితాలు తెమలవు.

ఆ ఉత్తర్వులో ఆమెకు కావలసిన మాట లేదు. అతను ఇంటి దగ్గరకూ పిల్ల బడి దగ్గరకూ రాకూడదని అందులో ఎక్కడా లేదు. ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టుకుంది. వాయిదా తర్వాత వాయిదా. ఎప్పుడు పిలిచినా ఆమె నోట ఒకటే మాట. 'ఒక్క ముక్క రాయున్రి సార్. బడికాడికి రావద్దని రాయున్రి.' ఆ ఒక్క వాక్యం కోసం ఆమె దాదాపు సంవత్సరం తిరిగింది. టైపు కొడితే అర నిమిషం పట్టే వాక్యం.

చివరికి ఆమె సాక్ష్యం రోజు వచ్చింది. ఆమె వకీలు పక్క కోర్టులో ఇంకో కేసులో ఉండి, జూనియర్ని పంపాడు. ఆ అబ్బాయి ఫైలు అప్పుడే తెరుస్తున్నాడు. ముందుగా దాఖలైన ఆమె వాంగ్మూలం ఇంగ్లీషులో ఉంది. శారీరకంగా, మానసికంగా వేధించాడని అన్ని కేసుల్లో ఉండే మాటలే అందులోనూ ఉన్నాయి. ఆమెకు జరిగింది ఏదీ అందులో లేదు.

భర్త తరఫు వకీలు లేచాడు. నెమ్మదస్తుడు, నవ్వుతూ అడుగుతాడు.

"అమ్మా, పాపను బడి మాన్పించింది మీరే కదా?"

"మాన్పియ్యలే సార్. జరమొచ్చింది."

"నెలరోజులు జ్వరమేనా?"

కోర్టులో కొందరు నవ్వారు. ఆమె తల దించుకుంది. 'జ్వరం కారణంగా నెలరోజులు బడికి పంపలేదు' అని కొట్టాను.

"ఆర్డరు వచ్చాక మీ ఆయన మీ ఊరికి వచ్చాడని అంటున్నారు. వచ్చి కొట్టాడా?"

"లేదు సార్."

"తిట్టాడా?"

"లేదు."

"మరి ఏం చేశాడు?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మందలిచ్చిండు సార్" అంది.

జడ్జిగారి చేయి ఆగింది. ఆయన ఊళ్లో, పుస్తకాల్లో మందలించడం అంటే కోప్పడడం, బుద్ధి చెప్పడం. అదే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట చెప్పారు. గట్టిగా కోప్పడి హెచ్చరించాడని. నా వేళ్లు కదల్లేదు. మా దిక్కు అర్థం అది కాదు. మా దగ్గర మందలించడం అంటే పలకరించడం. చావుకు పోయినా, పెళ్లికి పోయినా మనిషిని మందలిస్తాం. ఎదురుపడ్డ చుట్టం మందలించకుండా పోతే ఏడాది దాకా దెప్పుతాం. ఒక్క క్షణంలో ఆ లెక్చరర్ మొహం నా కళ్లముందుకు వచ్చింది.

నేను లేచాను. "సార్, మా దిక్కు మందలించుడంటే పలకరించుడు సార్. మంచిచెడ్డ అడుగుడు. తిట్టుడు కాదు."

వకీళ్లు నవ్వారు. 'కరెక్టే సార్, కరెక్టే' అన్నారు ఇద్దరు ముగ్గురు. జడ్జిగారు కూడా నవ్వి, ఆమెవైపు తిరిగారు.

"అంతేనా అమ్మా? మంచిచెడ్డలు అడిగాడా?"

"అడిగిండు సార్. గదే సార్, ఆయన అడిగేటిది..."

"సరే, చాలు. అడిగినదానికే చెప్పాలి."

భర్త యోగక్షేమాలు విచారించాడని, తనవీ, పాపవీ విచారించాడని రాయించారు. నేను తప్పు లేకుండా కొట్టాను. భర్త తరఫు వకీలు అడగాల్సింది ఇంకేం లేదన్నాడు. జూనియర్ కూడా ఏమీ లేదన్నాడు. ఆమె వచ్చి సంతకం పెట్టింది. పెడుతూ నావైపు చూసింది, ఏదో అడగబోయినట్టు. నేను తర్వాతి కేసు కాగితాలు సర్దుకుంటున్నాను.

భోజనాల వేళ జడ్జిగారు, 'మీరు చెప్పకపోతే రికార్డు తప్పు పోయేదమ్మా' అన్నారు. ఆ రోజు ఇంటికి పోయి మా ఆయనకు ఈ కథంతా రెండుసార్లు చెప్పాను. మా భాషను కోర్టులో నిలబెట్టానన్నాను. కూర మాడింది కూడా ఆ సంబరంలోనే.

మర్నాడు పొద్దున్న మా కోర్టు అటెండర్ నా బల్ల దగ్గరకు వచ్చాడు. రిటైర్ అవడానికి దగ్గరున్న పెద్దాయన. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. మేమంతా చాచా అంటాం. కేసుల పేర్లు పిలిచేది ఆయనే.

"జర ఒక మాట మేడం. నిన్న ఆ పిల్లను ఆయన మందలిచ్చిండని రాసుకున్నరు గదా."

"అవును చాచా."

"ఏమని మందలిచ్చిండో ఎవ్వలు అడగలే గదా."

నాకు కోపమొచ్చింది. అది అడగడం వకీళ్ల పని, నా పని కాదన్నాను. చాచా సరే అని పోయాడు. కానీ ఆ మాట చెప్పులో ముల్లులా ఉండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత ఆమె ఏదో కాగితం నకలు కోసం వచ్చి వరండాలో కూర్చుంది. పక్కన వాళ్లమ్మ, ఒళ్లో పిల్ల. పిల్లకు జ్వరమూ లేదు, ఏమీ లేదు. బిస్కెట్ తింటోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఏమడిగాడని అడిగాను.

"'మంచిగున్నవానే' అన్నడు మేడం. 'చిన్నది ఏ క్లాసుకొచ్చింది' అన్నడు. 'బడి ఎన్నింటికి ఇడుస్తరు' అన్నడు. 'ఒక్కతే నడిసొస్తదా' అన్నడు. గంతే. పోయిండు."

"గంతేనా?"

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది.

"మేడం, ఆయన కొట్టేటప్పుడు ఒర్రడు, గొంతు లేపడు. ముందుగాల మంచిగ అడుగుతడు. 'తిన్నవానే' అంటడు. ఆయన మంచిగ అడిగిండంటే ఎనక దెబ్బలున్నట్టే. నేను ఇల్లిడిసి వచ్చిన్నాడు ఏమన్నడో ఎరుకేనా? 'నువ్వు పో. నేను లారీ నడిపేటోన్ని. పిల్ల రోడ్డు మీదికి రాకపోతదా' అన్నడు. గిప్పుడొచ్చి బడి ఎన్నింటికి ఇడుస్తరంటడు."

పక్కనుంచి వాళ్లమ్మ అంది. "గందుకే బిడ్డను బడికి తోలలే. జరం లేదు, ఏం లేదు. బుగులుకు, భయానికి అబద్ధమాడింది."

"గీ మాట కోర్టుల చెప్పాలె గదమ్మా" అన్నాను.

"చెప్పబోయిన. మీరు గూడ ఆన్నే ఉన్నరు గదా మేడం. సార్ చాలన్నడు."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే, కోప్పడి హెచ్చరించాడన్న మాట రికార్డులో ఉండేది. హెచ్చరిక అంటే బెదిరింపు అని వాదించడానికి ఒక సందైనా ఉండేది. నేను లేచి మా భాష గౌరవం కాపాడాను, ఆ సందును నా చేత్తో మూసేశాను. నేను చెప్పిన అర్థంలో తప్పు లేదు. ఆ అర్థం వెనుక ఉన్నది ఇంగ్లీషులోకే కాదు, నా తెలుగులోకి కూడా రాలేదు.

ఆమెను వకీలుకు చెప్పమన్నాను. చెప్పింది. సాక్ష్యం అయిపోయిందమ్మా, మళ్లీ పిలిపించాలంటే ఇంకో దరఖాస్తు పెట్టాలి, ఇంకో నాలుగు వాయిదాలవుతాయి అన్నాడట. అప్పుడు నేను పోయాను జడ్జిగారి గదిలోకి, ప్యాడ్ పట్టుకుని. ఏదో ఉత్తరం రాయించారు. అయిపోయాక కూడా నిలబడే ఉన్నాను.

"ఏమ్మా?" అన్నారు.

కేసు గురించి టైపిస్టు జడ్జితో మాట్లాడకూడదు. అది రూలు. నిండు కోర్టులో పిలవని పేరంటానికి వెళ్లినట్టు లేచి అర్థం చెప్పినప్పుడు ఆ రూలు నాకు గుర్తు రాలేదు. గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు బాగా గుర్తొచ్చింది.

"ఏం లేద్సార్" అన్నాను.

ఉత్తర్వు కూడా నేనే టైపు చేశాను. భర్త భార్య దగ్గరకు వచ్చి ఆమె, బిడ్డ యోగక్షేమాలు విచారించడం హింస అనిపించుకోదు. పైగా కాపురం నిలుపుకోవాలనే కోరిక అందులో కనబడుతోంది. తల్లే సరైన కారణం లేకుండా బిడ్డ చదువు ఆపినట్టుంది. బడి దగ్గరకు తండ్రి రాకూడదని చెప్పడానికి ఆధారం లేదు. దరఖాస్తు కొట్టివేయడమైంది. ఇరువురూ రాజీకి ప్రయత్నించవచ్చు. వెల్ఫేర్ అన్న మాట అందులో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ స్పెల్లింగు సరిగ్గానే కొట్టాను.

రెండు నెలలకు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆమె ఏమీ పేచీ పెట్టలేదు, చకచకా సంతకం పెట్టింది. ఎవరో పూలదండలు తెప్పించి ఇద్దరిచేతా మార్పించారు. చప్పట్లు కొట్టారు, ఫోటో తీసుకున్నారు. పిల్ల ఎక్కడా కనిపించలేదు. అమ్మమ్మ దగ్గర ఉందేమో అనుకున్నాను. చాచా ఒక్కడే చప్పట్లు కొట్టకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు.

తర్వాత నాకు బదిలీలయ్యాయి. ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. మా పాప నాలుగో తరగతి.

పోయిన ఎండాకాలానికి ముందు, బడులు ఇంకా ఉన్నాయి, నేను సెలవు పెట్టిన ఒక రోజు మధ్యాహ్నం బస్టాండు పక్కన పండ్ల బండి దగ్గర ద్రాక్ష తూయించుకుంటున్నాను.

"అక్కా, మంచిగున్నరా?"

చూస్తే అతను, ఆమె భర్త. శుభ్రంగా ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు. గుర్తుపట్టి నవ్వుతున్నాడు. బొగ్గు లారీ నడుపుతున్నానని, ఇక్కడే గది తీసుకున్నామని చెప్పాడు. ఎన్నో ఏళ్ల తర్వాత మా దిక్కు మనిషి కనబడితే ఎలా ఉంటుందో అలా మందలిస్తున్నాడు. నాకూ అలవాటైన నవ్వు వచ్చేసింది.

"పిల్లలెంతమందక్కా?"

"ఒక్కతే."

"ఏ బడి?"

చెప్పాను.

"గా పెద్ద రోడ్డు మీదిదా? ఎన్నింటికి ఇడుస్తరు?"

"నాలుగింటికి" అన్నాను.

అప్పుడు అతని వెనక ఉన్న మనిషిని చూశాను. చేతిలో సంచి, తలమీద కొంగు. ఆమె. బాగా చిక్కిపోయింది, మొదట పోల్చుకోలేకపోయాను. నావైపే చూస్తోంది. తల అడ్డంగా, ఉందా లేదా అన్నంత కొంచెం కదిలించింది. చెప్పకు అని. అప్పటికే అడిగినవన్నీ చెప్పేశాను. ఆమె సాక్ష్యం నా వేళ్లతో టైపు కొట్టినదాన్ని, వరండాలో ఆమె నోట విన్నదాన్ని, మర్యాదగా అడిగేసరికి అన్నీ చెప్పేశాను.

ఏదో ఒకటి మాట్లాడాలని ఆమెను అడిగాను. "చిన్నది ఎట్లున్నది?"

"హాస్టల్ల ఏసిన మేడం" అంది.

అతను పెద్దగా నవ్వాడు. "ఏ హాస్టలో కన్నతండ్రికి గూడ జెప్పది సూడున్రక్కా. దీని తల్లి గూడ జెప్పది. ఎన్ని తీర్ల అడిగినా జెప్పది."

సంచి పట్టుకున్న ఆమె చేతివైపు చూశాను. రెండు వేళ్లు విరిగి, వంకరగా అతుక్కుని ఉన్నాయి. ఎన్ని తీర్ల అడిగాడో అప్పుడు తెలిసింది. లోక్ అదాలత్‌లో అంత తొందరగా ఎందుకు సంతకం పెట్టిందో కూడా తెలిసింది. కోర్టు రాయనన్న ఒక్క వాక్యాన్ని ఆమె తన ఒంటితో రాసుకుంది. పిల్లను అతనికి తెలియని చోట దాచి, ఆ చోటు మీద నోరు కట్టేసుకుని, తాను అతని వెంట పోయింది.

"ఆమెను ఏమన్నా చేస్తే..." అని ఏదో అనబోయాను.

"ఏంజేస్తనక్కా? మీ కోర్టే కలిపింది గదా" అన్నాడు నవ్వుతూనే. "పోయొస్తం. మీ బిడ్డను అడిగిన్నని చెప్పున్రి."

వాళ్లు బస్టాండు దాటి వెళ్లిపోయారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ద్రాక్ష అక్కడే వదిలేసి ఆటో ఎక్కి బడికి పోయాను. మూడున్నరకే పోయి గేటు పట్టుకుని నిలబడ్డాను. బడి వదిలాక పాప నన్ను చూసి, 'ఎందుకొచ్చినవ్ మమ్మీ?' అంది. లారీ చప్పుడు వినబడినప్పుడల్లా దాని చేయి గట్టిగా పట్టుకుంటుంటే నొప్పి పుడుతోందని ఏడ్చింది.

సాయంత్రం పోలీసు స్టేషనుకు రాద్దామని కాగితం తీశాను. పదిహేనేళ్లుగా ఫిర్యాదులు, పిటిషన్లు చూసిన చేతులు నావి. 'సదరు వ్యక్తి బస్టాండు వద్ద నన్ను' అని మొదలుపెట్టాను. తర్వాత ఏం రాయాలి? బాగున్నావా అన్నాడు. పిల్లలెందరన్నాడు. బడి ఎన్నింటికి వదులుతారన్నాడు. చదివిన ఎస్సై నవ్వకుండా ఉంటే గొప్ప. ఆమె మాటే రాశాను, మందలించిండు అని. దాని పక్కన ఇంకేమీ రాయడానికి దొరకలేదు. ఆమె గురించి రాద్దామంటే, పోలీసులు ఆమెను పిలిపిస్తారు, ఆమె నోరు తెరిస్తే పిల్ల చోటు బయటపడుతుంది. కాగితం చింపేశాను.

మర్నాడు పాపను బడికి పంపలేదు. ఆ మర్నాడూ పంపలేదు. మూడో రోజు పొద్దున్న క్లాసు టీచర్ ఫోన్ చేసి, పాప ఎందుకు రావడం లేదని అడిగింది.

జ్వరం అని చెప్పాను.